నాంచారమ్మ మందు పెరుగు

ఆషాఢ బహుళ దశమి. పోటు పొద్దున్నే వచ్చింది.

రక్త దిద్దుబాటు శాఖ వారి ఆజ్ఞ ప్రకారం, పెరుగు కేంద్రం నడిపే ప్రతి మనిషీ తన మాటల్లో నమోదు రాయాలట. నా మాటల్లో రాయమన్నారు కాబట్టి నా మాటల్లోనే రాస్తాను, తరవాత నన్ననకూడదు. అయినా అనేవాళ్ళెవరు? వీటిని మనుషులు చదవరు, ఒక యంత్రం చూసి మార్కులు వేస్తుందని శిక్షణలోనే చెప్పారు.

నా పేరు మాణిక్యం. కొత్తదివి తేలుడు కాలనీలో నాదీ మా తోటికోడలిదీ నీళ్ళ మీద తేలే ఒకే పంటు. పొద్దున పోటుకు అది మూరెడు లేచింది. నేనూ లేచి మోకులు వదులు చేశాను. చెయ్యకపోతే పక్క పంటు వాళ్ళ వంటగది వచ్చి మా పడగ్గదిని గుద్దుతుంది. ఆ తరవాత ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. అవి మురికిపడితే పాల యంత్రం తిరగదు, అది తిరక్కపోతే ఊరికి పాలు లేవు. గేదె అనేదాన్ని ఇక్కడి పిల్లలు బొమ్మల్లో చూడ్డమే.

ఇవాళ మా కేంద్రానికి మొట్టమొదటి మందు పెరుగు గిన్నె వచ్చింది. అది నాంచారమ్మది. నాంచారమ్మ అంటే మా బావగారి భార్య, నా తోటికోడలు. పంటు మీద మా వాటాల మధ్య ఒక రేకు గోడ ఉంది. కాపరానికొచ్చిన కొత్తలో, పులుసులో చింతపండు ఎవరు ఎక్కువ వేశారన్న దగ్గర మొదలైన గొడవ పొయ్యిలు వేరు పడేదాకా వచ్చింది. ఇప్పుడు మా బావగారూ లేరు, మా ఆయనా లేరు. గొడవ మాత్రం క్షేమంగా ఉంది.

కొన్ని నెలలుగా ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర్నుంచి వాకిట్లోకి వచ్చేలోపు రెండుసార్లు కూలబడుతోంది. నాకు అసలు భయం ఎప్పుడు వేసిందంటే, నేను తిడితే తిరిగి తిట్టడం మానేసినప్పుడు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కేంద్రంలో తెర ముందు కూచోబెట్టాను. అవతల డాక్టర్ రెహానా గారు ఉంటారు. చిన్న వయసే గానీ ఓపిక ఉన్న మనిషి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. మన ఎముకల్లో మూలుగ ఉంటుంది, రక్తం పుట్టేది అక్కడే. అక్కడ ప్రతి కణంలోనూ ఒక దర్జీ కూచుని ఉంటాడనుకోండి. వాడికి పైనుంచి ఒక తాను గుడ్డ వస్తుంది, దాని పేరు ఆర్ఎన్ఏ. అందులో పనికొచ్చే ముక్కలూ పనికిరాని ముక్కలూ కలిసిపోయి ఉంటాయి. పనికిరానివి కత్తిరించి పారేసి, పనికొచ్చేవి కలిపి కుట్టాలి. నాంచారమ్మ దర్జీ గీత మీద కాకుండా అంగుళం పక్కన కోస్తున్నాడు. అందువల్ల రక్తకణాలు పుట్టీపుట్టకుండానే పాడైపోతున్నాయి. "ఇది రక్త క్యాన్సర్‌కి వాకిలి లాంటిది. మందు పడకపోతే ఆ వాకిలి దాటి లోపలికి వెళ్ళిపోతుంది, మాణిక్యం గారూ" అన్నారు.

మందేమో ఆ తప్పు గీత మీద చిన్న అతుకు వేస్తుంది. కత్తెరకు ఆ గీత కనబడదు, సరైన గీత దగ్గరికి పోతుంది.

ఇక మందు ఇచ్చే పద్ధతి చూడండి. సూదంటే జనం భయపడతారు, బిళ్ళయితే మరిచిపోతారు, పెరుగన్నం మాత్రం మరిచిపోయే తెలుగువాడు పుట్టలేదని శాఖ వారి నిపుణుల సంఘం కనిపెట్టింది. అందుకని ఆ మందు చేసే సూక్ష్మజీవిని పెరుగు తోడులో పెట్టేశారు. ఎవరి మూలుగలో ఏ తప్పుందో చూసి, వాళ్ళ ఒక్కరికే సరిపడే తోడు తయారుచేసి పంపుతారు. సాయంత్రం పాలల్లో వేసుకోవాలి, పొద్దున పెరుగు తినాలి, ఒక చెంచాడు మిగిల్చి మళ్ళీ పెట్టుకోవాలి. బతికినన్నాళ్ళూ మందు ఇంట్లోనే పుడుతుంది. దీనికి వాళ్ళకు పెద్ద బహుమతి కూడా వచ్చిందట. ఆ సంఘంలో పదమూడు మంది నిపుణులున్నారు. పాలు తోడుపెట్టిన మనిషి మాత్రం ఒక్కరూ ఉన్నట్టు లేరు.

"ఏందే, మూత మీద అంతంత అచ్చరాలు?" అనడిగింది నాంచారమ్మ.

"నీ ఒక్కదానికే అంట. ఎవురికీ పెట్టగూడదంట."

"పెరుగా?" అని ఫక్కున నవ్వింది. అంత నీరసంలోనూ నవ్వింది.

యంత్రం జవాబు: నమోదు అందింది. మీ ఉత్సాహం అభినందనీయం. పదికి ఎనిమిది.

శ్రావణ శుద్ధ పంచమి. పాటు మధ్యాహ్నానికి, నీళ్ళు వెనక్కి తీశాయి.

ఇవాళ పొద్దున నేను చేపపొట్టు నీళ్ళలో పారబోస్తుంటే, రేకు గోడ అవతల్నుంచి "ఒసే, నీకు కళ్ళు నెత్తిమీదున్నయ్యా? అదంతా నా మోకులకి పట్టుకుంటంది!" అని అరుపు. ఆ అరుపు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరికే ఉండలేక "నీ మోకులేమన్నా బంగారం మోకులా?" అన్నాను. ఆవిడ ఇంకో రెండు తిట్టింది. బుగ్గల్లో రంగు కూడా వచ్చింది. వేలు పొడిచి చూస్తే రక్తం అంకె బాగా పెరిగింది, రెహానా గారు తెర మీద చప్పట్లు కొట్టారు. అంతా బాగుందనుకున్నాను.

సాయంత్రం పూట పక్క పంటు సువార్తమ్మ గ్లాసు పట్టుకుని పలక వంతెన దాటి వచ్చింది. "వదినా, పాలు కాచా. తోడు సూత్తే పులిసి సచ్చింది. ఒక్క చుక్క పెట్టు." నాంచారమ్మ అలవాటుగా మూత తీసింది, చెంచాతో తీసి గ్లాసులో వేసింది. సువార్తమ్మ వెళ్ళిపోయింది. ఇదంతా ఒక రెప్పపాటులో, నేను చూస్తుండగానే జరిగింది.

"అక్కా! మూత మీద ఏం రాసుందో మర్చిపోయావా?"

"మర్చిపోలా. తోడడిగితే లేదని ఎట్టా అంటానే, గిన్నె కళ్ళెదురుగా పెట్టుకుని?"

"అది పెరుగు గాదు, మందు!"

"మందైతే మరీ మంచిది. ఒకళ్ళకి బాగైతే నాకేం తరుగుద్దా?"

"పోనీ, దీపాలు పెట్టాక ఇవ్వగూడదని చెప్పు."

"ఆ సంగతి ఆళ్ళకీ తెలుసు. అందుకే దీపాలు పెట్టకముందే వస్తన్నారు."

"వస్తన్నారా? ఎంతమందే?"

ఆవిడ గిన్నె మీద మూత పెట్టి, దాని మీద బరువుకు ఒక రాయి కూడా పెట్టింది. ఆవిడ చేతికి ఎముక లేదని మా అత్తగారు ఎప్పుడూ అనేవారు, అప్పుడు నేను మెచ్చుకోలనుకున్నాను.

రెహానా గారికి చెప్పాను. ఆవిడ తల పట్టుకుని "అమ్మకి గట్టిగా చెప్పండి, మాణిక్యం గారూ" అన్నారు. గట్టిగా చెప్పడం నా పుట్టుక. కానీ తోడు అడిగినవాళ్ళకు లేదనమని ఒక ఆడమనిషికి చెప్పడం, పీల్చిన గాలి వదలొద్దని చెప్పడం ఒకటే.

యంత్రం జవాబు: నమోదు అందింది. ఇరుగుపొరుగు సఖ్యత సంతోషకరం. పదికి తొమ్మిది.

శ్రావణ పౌర్ణమి. పెద్ద పోటు.

మోకులు బిగించీ వదిలీ చేతులు బొబ్బలెక్కాయి. అది చాలదని ఊరికి పిచ్చెక్కింది.

సువార్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందట. ఆవిడ చెల్లెలికి నిద్ర పడుతోందట. రెండో వరస పంటులో ఒకాయనకు ఎప్పుడో పోయిన జుట్టు మళ్ళీ మొలుస్తోందట. చూపించమంటే టోపీ తియ్యలేదు. "నాంచారమ్మ పెరుగు" అన్న మాట కాలనీలో గంటలో తిరిగింది. చచ్చేదాకా పోయిన మనిషి లేచి తిరుగుతోంది గదా, అంతకన్నా రుజువేం కావాలి?

సాయంత్రం పరంధామయ్య గారు వచ్చారు. ఆయన మా కాలనీ సంఘం ప్రెసిడెంటు. నేల మునగక ముందు అపార్టుమెంట్లు కట్టినాయన, అవన్నీ ఇప్పుడు మా కిందే ఉన్నాయి, చేపలు కాపరం ఉంటున్నాయి. వెనకాల నలుగురు మనుషులు, ఒక శాలువా.

"అమ్మా మాణిక్యం, శాఖ వాళ్ళు ఒక్క మనిషికే మందు పంపటం ఏంటమ్మా? ఇది ప్రజాస్వామ్యం కాదా? మిగతావాళ్ళు మనుషులు కారా?"

దర్జీ కథంతా మొదట్నుంచి చెప్పాను. ఆమె దర్జీ తప్పు కోస్తున్నాడు కాబట్టి అతుకు పడితే మంచిదనీ, సరిగ్గా కోసే దర్జీ ముందు అదే అతుకు పెడితే వాడి సరైన గీతే మూసుకుపోతుందనీ, వాడు కూడా తప్పు కోయడం మొదలుపెడతాడనీ చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "ఏమో, మా దర్జీ మాత్రం సరిగ్గా కోస్తున్నాడని నమ్మకమేంటి? ముందు జాగర్త మంచిదే గదా" అన్నారు.

ఆ సాయంత్రమే సంఘం తీర్మానం చేసింది. పథకం పేరు "ఇంటింటికీ నాంచారమ్మ పెరుగు". కొత్త గిన్నెలు అచ్చు వేయిస్తారట, మూత మీద బొమ్మ పరంధామయ్య గారిది. నాంచారమ్మకు శాలువా కప్పారు. ఆవిడ వద్దు వద్దంటూనే భుజాలు సర్దుకుని కూచుంది. ఇంటికొచ్చి గోడ అవతల నుంచి "చూశావటే, పెసిడెంటు గారే వొచ్చారు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శ్రావణ బహుళ సప్తమి. పోటు లేదు, గాలి లేదు.

పథకం ప్రారంభోత్సవంలో పరంధామయ్య గారు ఉపన్యాసం మధ్యలో ఆయాసపడి కూచుండిపోయారు. ఆనందం పట్టలేక అని ఆయన మనుషులు మైకులో చెప్పారు. సువార్తమ్మ పలక వంతెన సగంలో ఆగి గుండె పట్టుకుంటోంది. ఎవరి మొహం చూసినా రక్తం లేదు. పొద్దున్నుంచి కేంద్రం ముందు వరస, అందరి వేళ్ళూ పొడిచాను, అందరి అంకెలూ కిందికే. సరిగ్గా కోసే దర్జీలందరినీ మేము చేతులారా చెడగొట్టాం. "మందు చాలట్లేదు గాబోలు, రెండు పూటలా తింటాం" అన్నారు జనం. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది.

రెహానా గారు చూసి, తినడం మానేస్తే వీళ్ళ దర్జీలు కొన్ని వారాల్లో వాళ్ళే కుదురుకుంటారన్నారు. ఊరికేం భయం లేదన్నారు. ఆ తరవాత నాంచారమ్మ వేలు పొడవమన్నారు.

నాంచారమ్మ అంకె అందరికన్నా కింద ఉంది. మందు తింటున్న మనిషికి అదెందుకు పడిపోవాలి? నేను గట్టిగా నిలదీశాను.

"ఏడుపు మొహం పెట్టబాకే" అంది. "మొన్న అడిగినోళ్ళందరికీ పెట్టేసరికి గిన్నె ఖాళీ అయింది. తోడుకి కూడా మిగల్లా."

"మరి రోజూ తింటంది ఏంది?"

"సువార్తమ్మ దగ్గర తెచ్చుకున్నా. నా దాన్నుంచి పెట్టుకుందే గదా, అదీ ఇదీ ఒకటే గదా."

ఒకటి కాదు. సువార్తమ్మ దాన్ని తన మామూలు పెరుగులో కలిపి తోడుపెట్టింది, అది మళ్ళీ ఎవరెవరి గిన్నెల్లో తిరిగి, ఎవరెవరి పులుపులో కలిసి చివరికి ఈవిడ దగ్గరికే వచ్చింది. రెహానా గారు పరీక్ష చేయించారు. ఊళ్ళోవాళ్ళను పాడుచెయ్యడానికి సరిపడా మందు అందులో ఉంది, ఈవిడను బాగుచెయ్యడానికి సరిపడా లేదు.

నేను ఆవిడను తిట్టలేకపోయాను. గోడ ఇవతలికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళు పోట్లాడి పోట్లాడి, ఆ గోడ అవతల గొంతు వినబడకపోతే నేను ఏమైపోతానో ఆలోచించలేదు.

యంత్రం జవాబు: నమోదు అందింది. పథకం విజయవంతం కావడం హర్షణీయం. పదికి పది.

శ్రావణ అమావాస్య. పోటు విరుచుకుపడింది.

శాఖ వారి పడవలు వచ్చాయి. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు దిగి, ఇంటింటికీ వెళ్ళి పెరుగు గిన్నెలు పట్టుకుపోయారు. మామూలు పెరుగు, మజ్జిగ, ఆవడల గిన్నె కూడా వదల్లేదు. వెళ్తూ వెళ్తూ ఆజ్ఞ ఒకటి చదివారు: "నాంచారమ్మ పెరుగు" అనబడు పదార్థము ప్రజల ఆరోగ్యమునకు హానికరము గనుక, దానిని తయారుచేయుట, కలిగియుండుట, తినుట నేటి నుండి నిషేధము.

"అయ్యా, నాంచారమ్మ కూడా తినగూడదా?" అనడిగాను.

ఆ అధికారి కాగితం మళ్ళీ చూశాడు. "మినహాయింపులు రాయలేదమ్మా" అన్నాడు.

మొదట ఆమెకు మంచిది గనక అందరికీ కావాలన్నారు. ఇప్పుడు అందరికీ చెడ్డది గనక ఆమెకూ వద్దంటున్నారు. రెహానా గారు కొత్త తోడు చేయించడానికి ప్రయత్నిస్తే, నిషేధించిన పేరు అని ప్రయోగశాల యంత్రం తలుపే తియ్యలేదట. ఆవిడ పైవాళ్ళతో పోట్లాడుతున్నారు. పైవాళ్ళు మా కాలనీ సంఘం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే చూద్దామన్నారట.

ఫిర్యాదు ఇచ్చింది ఎవరనుకున్నారు? పరంధామయ్య గారే. శాలువా కప్పిన చేత్తోనే. నాంచారమ్మ కావాలనే ఊరందరికీ పంచిందని రాశారు. తోడుకు వచ్చినవాళ్ళెవరూ ఇప్పుడు మా పంటు వైపు చూడ్డం లేదు. సువార్తమ్మ ఒక్కతే వచ్చి, గుమ్మంలో నుంచుని ఏడ్చి వెళ్ళిపోయింది.

నాంచారమ్మ శాలువా మడిచి పెట్టెలో పెట్టింది. "నేనేం చేశానే?" అనడిగింది నన్ను.

భాద్రపద శుద్ధ విదియ. పాటు.

రక్తం పడవ వచ్చి నాంచారమ్మకు ఎవరిదో రక్తం ఎక్కించి వెళ్ళింది. దాంతో ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. "ఎక్కించిన రక్తం కారిపోతున్న డ్రమ్ములో నీళ్ళు పోసినట్టే. మందు పడాలి. ఈ నెల దాటితే నేను మాటివ్వలేను" అన్నారు రెహానా గారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఇక ఆ ఫిర్యాదు ఎట్లా వెనక్కి తీయించాలి? కాళ్ళమీద పడితే పరంధామయ్య గారు మరీ ఎత్తుకెదుగుతారు. తిడితే పంతం పడతారు. పొద్దున్నంతా మోకుల మీద గుల్లలు గీకుతూ ఆలోచించాను. ఈ ఊరి రోగం ఏమిటి? ఒకరికి ఉన్నది తమకు లేదన్న బాధ. అది ఎంత బాధంటే, ఉన్నది మందైనా సరే, దాని వెనకున్నది క్యాన్సరైనా సరే. అయితే అందరికీ ఉండాలి, అంతే గదా.

తెర ముందు కూచుని రెహానా గారిని అడిగాను. "డాక్టరమ్మా, దర్జీ తప్పు కొయ్యని వాళ్ళకి సరైన మందేంది?"

"వాళ్ళకి మందే అక్కర్లేదు గదండీ."

"అంటే, మందేం లేని పెరుగు."

"అవును." ఆవిడ మొహంలో నవ్వు మొదలైంది.

"వాళ్ళ పేరు మూత మీద అచ్చేసి పంపితే తప్పా?"

"వాళ్ళ మూలుగ చూసి, వాళ్ళకి సరైనదే పంపుతున్నాం. తప్పెలా అవుతుంది?" అన్నారు.

భాద్రపద శుద్ధ నవమి. పోటు సాయంత్రం.

తదియ నాడే పరంధామయ్య గారి పంటుకు వెళ్ళాను. ఆయన ఇంకా దిండుకు ఆనుకునే ఉన్నారు, చేతిలో బార్లీ గ్లాసు.

"ప్రెసిడెంటు గారూ, అప్పుడు మీరన్నమాటే నిజం. మందు ఒక్కరికే రావటం అన్యాయం. కానీ ఆవిడ మందు మీకెందుకండీ? మీ దర్జీ ఎక్కడ, ఆవిడ దర్జీ ఎక్కడ? మీ హోదాకి మీ మూలుగ చూసి, మీ పేరు మీద, మీ ఒక్కరికే చెయ్యాలి గదా."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అట్టా చేస్తారా?"

"అడిగే నాయకుడుంటే చేస్తారు. కాకపోతే ఆ ఫిర్యాదూ నిషేధం అడ్డం. పేరు మీద పెరుగే చెయ్యగూడదని రాయించుకున్నాం గదా మరి."

మర్నాడే సర్వసభ్య సమావేశం పెట్టారు. "ఇంటింటికీ నాంచారమ్మ పెరుగు" అట్ట తీసేసి "ఎవరి పెరుగు వారి హక్కు" అట్ట కట్టారు. పాత నినాదం రాసిన మనిషే కొత్తది రాశాడు, రంగు డబ్బా కూడా అదే. పరంధామయ్య గారు ఫిర్యాదు వెనక్కి తీసుకోవడమే కాదు, నిషేధం ఎత్తేయాలని నిరాహారదీక్షకు కూర్చుంటానన్నారు. డాక్టరు బార్లీ మానొద్దంది గనక బార్లీతో కూర్చుంటారట. శాఖ భయపడిందో, ఎన్నికలు గుర్తొచ్చాయో, నిషేధం ఎత్తేసింది.

అందరి మూలుగలూ చూశారు. ఇక సంబడం చూడాలి! వంతెనల మీద ఎవరు ఎదురైనా "మీ దర్జీ ఎట్టా కోస్తన్నాడు?" అన్నదే పలకరింపు. "మా దర్జీ చాలా అరుదైనోడంట, డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది" అని ఒకావిడ. తన దర్జీలో ఏ దోషమూ లేదని ఒకాయనకు చెబితే, మళ్ళీ సరిగ్గా చూడమని పోట్లాట. ఎవరి పిచ్చి వారికి ఆనందం. నేను మాత్రం ప్రయోగశాల వైపు చూస్తూ కూచున్నాను. నాంచారమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు.

యంత్రం జవాబు: నమోదు అందింది. ప్రజల్లో శాస్త్రీయ అవగాహన పెరగడం శుభపరిణామం. పదికి పది.

భాద్రపద పౌర్ణమి. పెద్ద పోటు.

మూడు రోజుల కిందట గిన్నెలు వచ్చాయి, పడవ నిండా. కాలనీ అంతటికీ పేరు పేరునా ఒకటి. అన్నిట్లోనూ మామూలు పెరుగే, ఒక్కదాంట్లో తప్ప. ఆ ఒక్కటీ నేనే చేత్తో పట్టుకుని, ఎవరికీ తగలకుండా కొంగు చుట్టి తెచ్చాను.

ఇప్పుడు ఎవరి గిన్నె వాళ్ళు అల్మారాల్లో తాళం వేసుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ చుక్క తోడు పెట్టరు. "నాది నాకే సరిపడుద్ది వదినా, నీకు పడదు" అంటున్నారు. పదమూడు మంది నిపుణులు అచ్చరాలు వేయించి చెయ్యలేని పని, పక్కవాడి కన్నా నా రోగం గొప్పదన్న గర్వం చేసింది. దీపాలవేళ పలక వంతెనల మీద గ్లాసులు పట్టుకుని నడిచేవాళ్ళు లేరు. నాంచారమ్మకు ఇక ఏ అపాయమూ లేదని సంతోషించాలి గదా, సంతోషించాను కూడా. కానీ ఊరు ఏదోలా ఉంది.

అంత తంటా పడి తెస్తే, ఆవిడ తినలేదు. మొదటి రోజు వాంతి వస్తుందంది. రెండో రోజు తరవాత తింటానంది. మూడో రోజు గిన్నె చూస్తే పెరుగు అంచున మాత్రం గీరినట్టుంది. రెహానా గారు తెర మీద కేకలేశారు, ఆవిడ కేకలెయ్యడం నేను మొదటిసారి చూశాను. "ఈ పది రోజులూ చాలా ముఖ్యం, మాణిక్యం గారూ. ఆ తప్పు కణాలు పెరుగుతూనే ఉన్నాయి."

నాకు మండింది. గోడ అవతలికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నుంచున్నాను. "ఏమే, చావదలుచుకున్నావా? చెప్పు, పంటు కొట్టుకుపోతే పోయిందని నేనూ మోకులు కట్టకుండా కూచుంటా!"

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది. "గొంతు దిగట్లేదే, మాణిక్యం. గిన్నె ముందేసుకుని, తలుపేసుకుని, ఒక్కదాన్నే ఎట్టా తినేది? పుట్టాక అట్టా ఎప్పుడూ తినలా. దొంగతనం చేస్తన్నట్టుంది."

ఆవిడకు మందు ఉంది, మందు పనిచేస్తుంది, డాక్టరుంది, శాఖ ఒప్పుకుంది. ముద్ద మాత్రం గొంతు దిగడం లేదు. దానికి తెర మీది డాక్టరమ్మ దగ్గర కూడా మందు లేదు.

ఆశ్వయుజ శుద్ధ విదియ. పోటు పొద్దున్నే.

మోకులు వదిలి, పలకల మీద ఉప్పు తుడిచి, నా కంచంలో అన్నం పెట్టుకుని, నా పేరున్న గిన్నె చంకన పెట్టుకుని గోడ అవతలికి వెళ్తున్నాను. రోజూ ఇదే పని అయింది. రెండు కంచాలు, రెండు గిన్నెలు. ఎదురెదురుగా కూచుంటాం. నా అన్నంలో నా పెరుగు, ఆవిడ అన్నంలో ఆవిడ పెరుగు. కలిపేటప్పుడు ఆవిడ నా కలపడం చూసి "పెరుగన్నం అట్టా పిసుకుతారా ఎవరన్నా?" అంటుంది. నేను "నీలా మెతుకులు లెక్కపెట్టుకుంటా కలపాలా?" అంటాను. అట్లా తిట్టుకుంటూ ఉంటే మొదటిరోజు నాలుగు ముద్దలు దిగాయి. నిన్న కంచం ఖాళీ చేసింది.

ఇవాళ పొద్దున అంకె చూశాం. పెరిగింది. ఎక్కువ కాదు. "ఎందాకా వెళ్తుందో ఇంకా చెప్పలేను. కానీ తిరిగింది" అన్నారు రెహానా గారు. కంచాల దగ్గరికి వచ్చి ఆ మాట నాంచారమ్మకు చెప్పాను.

ఆవిడ కలిపిన అన్నంలోంచి ఒక ముద్ద తీసింది. సంతోషం వస్తే ఆవిడ చేసే పని ఒక్కటే. ముద్ద పట్టుకున్న చెయ్యి చాపి నా నోటి దాకా తెచ్చింది. "తిను" అంది. మా పెళ్ళయిన కొత్తలో, పొయ్యి ఒక్కటే ఉన్న రోజుల్లో పెట్టిన చెయ్యి. మళ్ళీ ఇదే చాపడం. ఆ ముద్ద తింటే నాకు పెద్దగా ఏమీ కాదు. కానీ ఒక్కసారి నాకు పెడితే, సాయంత్రానికి సువార్తమ్మకు పెడుతుంది, రేపటికి గిన్నె ఖాళీ.

మనిషి చేత్తో పెట్టే ముద్ద వద్దనడం నాకు ఎవరూ నేర్పలేదు. నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపాను. ఆవిడ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. "తినవే" అంది మళ్ళీ. నేను ఆ మణికట్టు పట్టుకుని, చేతిని మెల్లగా తిప్పి, ఆవిడ నోటి దగ్గరికే తీసుకెళ్ళాను.

ఇద్దరికీ కళ్ళనీళ్ళు కారుతున్నాయి. నాంచారమ్మ నోరు తెరిచి, తన ముద్ద తను తింది.